చవితి మండపానికి 555–4017 రన్నింగ్ లైట్ కిట్: తీసుకోవచ్చు గానీ...

మా రాయగడలో మండపం లైటింగ్ అంటే ఎక్కువమంది రెడీమేడ్ కంట్రోలర్ బాక్సే తెస్తారు, అది సరిగ్గా పండగ రోజుల్లో పోతే విప్పి చూసినా లాభం లేదు, చిప్ మీద నంబర్ గీకేసి ఉంటాది. అందుకే మా వీధి కుర్రాళ్ళం ఈసారి మనమే బాగు చేసుకునే రకం కావాలని 555, 4017 అనే రెండు ఐసీల (చిప్పుల) కిట్ తీసుకున్నాం.

బోర్డు బాగుంది, ఐసీలకి బేసులు ఇచ్చాడు, అదొక్కటి చాలు నాకు, కాలితే పీకి ఇంకోటి పెట్టేయొచ్చు. 555 టిక్కు టిక్కుమని పల్స్ ఇస్తాది, ఆ పల్స్‌కి 4017 పది అవుట్‌పుట్‌లనీ వరసగా ఒక్కోటి ఆన్ చేస్తాది, అంతే సర్క్యూట్. ప్రీసెట్ (బోర్డు మీది చిన్న నాబ్) తిప్పితే స్పీడ్ మారుతాది. పది ఎల్ఈడీలకీ కలిపి కరెంటు ఎక్కువవ్వకుండా ఆపే రెసిస్టర్ ఒకటే ఉందేటి అని మావాడొకడు షాపులో గొడవ పెట్టుకోబోయాడు, ఒకసారికి ఒకటే వెలుగుతాది కాబట్టి సరిపోతాది బాబూ. రంగులు మాత్రం కలపొద్దు, ఎరుపుకి 2 వోల్టులు, నీలానికి 3 దాకా కావాలి, వెలుగులో తేడా తెలిసిపోతాది.

అసలు సంగతి స్ట్రిప్‌ల దగ్గర. 12 వోల్టుల 3528 రకం ఎల్ఈడీ స్ట్రిప్, మీటరుకి 60 ఎల్ఈడీలది, 5 మీటర్ల రోల్ 2 ఆంపియర్లు లాగుతాది. 4017 ఇచ్చేది మిల్లీఆంపియర్లే, కిట్ షీటులో గీసిన బీసీ547 ట్రాన్సిస్టర్ కూడా 100 మిల్లీఆంపియర్ల వరకే, రోల్ తగిలిస్తే పొగే. మేం లైనుకొకటి ఐఆర్ఎఫ్‌జెడ్44 మోస్‌ఫెట్ (పెద్ద కరెంటుని ఆన్ ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్) వేశాం. దీని గేటు అనే కంట్రోల్ పిన్‌కి 10 వోల్టులుంటేనే పూర్తిగా ఆన్ అవుతాది, ఆర్డుయినో (కోడుతో నడిచే చిన్న బోర్డు) ఇచ్చే 5 వోల్టులకి సగంసగమే, కానీ 4017ని 12 వోల్టుల మీదే నడుపుతున్నాం కాబట్టి ఇక్కడ ఆ తలనొప్పి లేదు. మాకు నాలుగు లైన్లే కావాలి, అందుకని 4017లో రీసెట్ పిన్ అయిన 15వ పిన్‌ని గ్రౌండ్‌కి కలిపే ట్రాక్ బ్లేడుతో కోసి, ఐదో అవుట్‌పుట్ అయిన 10వ పిన్ నుంచి దానికి వైరు లాగాం, నాలుగోది అవ్వగానే మళ్ళీ మొదటికి వచ్చేస్తాది. నాలుగు రోల్స్ ఉన్నా వెలిగేది ఒకటే, 3 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) చాలు.

మెల్లగా వెలిగి ఆరడం, రంగులు మారడం లాంటివి దీంతో అవ్వవు. అవి కావాలంటే డబ్ల్యూఎస్2812బి పిక్సెళ్ళు (ఒక్కోదాని రంగు విడిగా మార్చగలిగే ఎల్ఈడీలు), ఆర్డుయినో, కోడు, ఒక్కో పిక్సెల్ ఫుల్ తెలుపులో 60 మిల్లీఆంపియర్ల దాకా తింటాది, అంటే వందకి 6 ఆంపియర్లు, 5 వోల్టుల సప్లై వేరే. నాలుగు రోజుల మండపానికి అంత ఖర్చు నేనైతే పెట్టను, మీ ఇష్టం.

మోస్‌ఫెట్లు కిట్‌లో రావు, విడిగా అడగండి, ఒడియాలో అడిగినా తెలుగులో అడిగినా కౌంటర్ దగ్గర "జెడ్44" అంటే చాలు. వాన సీజన్ కదా, బోర్డుకో ప్లాస్టిక్ డబ్బా కూడా చూసుకోండి.