చారాణా కోడికి బారాణా మసాలా అవసరంలేదు: ఆర్‌సీ చార్జర్‌కి నేను వాడిన పవర్ సప్లైలు

బాక్స్ ఓపెన్ చేసి ఓ పది నిమిషాలు ప్లగ్గు కోసం వెతికా. చార్జర్ ఉంది, చిన్న పుస్తకం ఉంది, గోడకి పెట్టే వైరు మాత్రం లేదు. ఎవడో మధ్యలో తీసేశాడేమో అనుకుని, నాకు ఈ ఆర్‌సీ కార్ల, అదే రిమోట్‌తో నడిచే బొమ్మ కార్ల పిచ్చి అంటించిన అన్నకి ఫోన్ చేస్తే ఒకటే నవ్వు. "అది డీసీ చార్జర్‌రా తమ్ముడూ, దానికి కరెంటిచ్చే డబ్బా వేరే కొనుక్కోవాలి" అన్నాడు. ఆ డబ్బా రేటు ఆన్‌లైన్‌లో చూస్తే, హాబీ వాళ్ల కోసమని పేరు పెట్టి అమ్మేవి దాదాపు చార్జర్ అంత రేటు ఉన్నాయి, కొన్ని ఇంకా ఎక్కువే. అప్పటినుంచి ఏడాదిన్నరలో నాలుగు రకాల డబ్బాలు వాడా, అందులో ఒకటి పేలింది కూడా, ఆ అనుభవమే ఇది.

నా సరంజామా చెప్తా, మీది దీనికి దగ్గరగా ఉంటే పనికొస్తుంది. మొదట కొన్నది డబ్ల్యూఎల్‌టాయ్స్ 144001 అనే కారు, దాంట్లో 2ఎస్ (రెండు సెల్స్ వరసగా కలిపినది) 1500 ఎంఏహెచ్ బ్యాటరీ. తర్వాత సెకండ్ హ్యాండ్‌లో 1/10 సైజు షార్ట్ కోర్స్ ట్రక్ ఒకటి దొరికింది, దానికి 3ఎస్ 5000 లైపోలు (లిథియం పాలిమర్ బ్యాటరీలు) రెండు. చార్జర్ టూల్‌కిట్‌ఆర్‌సీ ఎం6, అరచేతిలో పట్టేంత ఉంటుంది, 150 వాట్లు, 10 యాంప్స్ దాకా ఇస్తుంది, ఇన్‌పుట్ 7 నుంచి 28 వోల్ట్‌ల మధ్య ఏదిచ్చినా తీసుకుంటుంది. ఈ 7 నుంచి 28 అనే ముక్కే అన్నిటికన్నా ముఖ్యం, కొనేటప్పుడు దీన్ని ఎవరూ చూడరు, నేనూ చూడలేదు, అదృష్టం బాగుండి సరిపోయింది.

డబ్బా కొనేముందు ఎన్ని వాట్లు కావాలో లెక్కేసుకోండి, పెద్ద లెక్కేం కాదు. 3ఎస్ ఫుల్ అయితే 12.6 వోల్ట్‌లు, 5000 బ్యాటరీకి 1సీ, అంటే గంటలో నిండే వేగం, 5 యాంప్స్, రెండూ గుణిస్తే 63 వాట్లు. చార్జర్ కొంత వేడి రూపంలో తినేస్తుంది కాబట్టి వెనకనుంచి 70 పైన రావాలి. అదే 2ఎస్ 5000 అయితే 8.4 ఇంటూ 5, 42 వాట్లే. చార్జర్ మీద 150 అని రాసుంది కదా అని అంత డబ్బా కొనక్కర్లేదు, మీరు ఒక్కో బ్యాటరీ పెట్టుకునేవాళ్లయితే అందులో సగం చాలు. పాత ఐమాక్స్ బీ6 చార్జర్ వాడేవాళ్లకైతే ఇంకా సులువు, అది ఎలాగూ 50 వాట్లు దాటదు, 3ఎస్ చివర్లో 4 యాంప్స్ మించి ఇవ్వలేదు, 12 వోల్ట్‌లు 6 యాంప్స్ అడాప్టర్ ఏదున్నా హాయిగా నడుస్తుంది.

మొదటి నెల నేను వాడింది లాప్‌టాప్ అడాప్టర్. ఆఫీసు లాప్‌టాప్ పోయినా అడాప్టర్ మిగిలింది, బీరువాలో పడుంది, 19.5 వోల్ట్‌లు, 4.62 యాంప్స్, అంటే 90 వాట్లు. చివర పిన్ను కట్ చేసి, చార్జర్‌కి గుచ్చే ఎక్స్‌టీ60 కనెక్టర్ సోల్డర్ చేశా, ఖర్చు ముప్పై రూపాయలు అయ్యుంటుంది. కొన్ని కంపెనీల పిన్నులో మధ్యలో సన్న సూది ఉంటుంది, దాని వైరు వేరే వస్తుంది, అది లాప్‌టాప్‌కి అడాప్టర్ ఎవరిదో చెప్పడానికే, మనకి అక్కర్లేదు, టేప్ చుట్టి వదిలేయండి. అయితే ప్లస్ మైనస్ ఏదో మల్టీమీటర్‌తో చూడకుండా మాత్రం సోల్డర్ పెట్టొద్దు. చార్జర్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ పవర్ లిమిట్ అని ఉంటుంది, అక్కడ 80 పెట్టేశా, ఇక అడాప్టర్ ట్రిప్ అవ్వడం అనేదే లేదు. చప్పుడు లేదు, బరువు లేదు, షాక్ కొట్టే భాగాలేం బయటికి లేవు. ఒక్క కారు ఉన్నవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేసి బీరువా వెతుక్కోండి, నిజంగా చెప్తున్నా. బీ6 వాళ్లు మాత్రం ఆగండి, ఆ పాత బీ6 ఇన్‌పుట్ 11 నుంచి 18 వోల్ట్‌లే, దానికి 19.5 పెట్టకూడదు.

నేను ఎందుకు ఆగలేదంటే, కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అంటారే, అదీ సంగతి. రెండు 3ఎస్‌లూ ఒకేసారి ప్యారలల్ బోర్డు (ఒకే చార్జర్‌కి రెండు మూడు బ్యాటరీలు కలిపే బోర్డు) మీద పెట్టాలనిపించింది, అంటే 10 యాంప్స్, 126 వాట్లు, అడాప్టర్ వల్ల అయ్యే పని కాదు.

ఇంట్లో పాత కంప్యూటర్ ఉంది, దాని ఎస్‌ఎమ్‌పీఎస్, అదే లోపలి పవర్ సప్లై డబ్బా మీద 450 వాట్లు అని పెద్ద అక్షరాలతో రాసుంది. ఫ్రీ కదా అనుకున్నా. ఆన్ చేయడం అందరికీ తెలిసిందే, మదర్‌బోర్డు కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరుని ఏదో ఒక నల్ల వైరుకి కలిపితే ఫ్యాన్ తిరుగుతుంది, పసుపు 12 వోల్ట్‌లు, ఎరుపు 5 వోల్ట్‌లు. పసుపు వైర్లు నాలుగు కలిపి ఎక్స్‌టీ60కి పెట్టి చార్జింగ్ మొదలెట్టా. మల్టీమీటర్‌లో 12.1 ఉన్నది లోడ్ పడగానే 11.3కి జారింది, కాసేపయ్యాక ఇంకా కిందకి. అన్న దగ్గరున్న బీ6 పెట్టి చూస్తే డీసీ ఇన్ టూ లో, అంటే వచ్చే వోల్టేజ్ చాలదని కుయ్ కుయ్‌మని అరుపు. తప్పు చార్జర్‌ది కాదు. ఈ పాత మోడల్ ఎస్‌ఎమ్‌పీఎస్‌లలో 5, 12 రెంటికీ కలిపి ఒకటే కంట్రోల్ ఉంటుంది, కంప్యూటర్‌లో అయితే రెండు వైపులా లోడ్ ఉంటుంది కాబట్టి సమంగా ఉంటుంది, మనం 12 ఒక్కదాన్నే లాగుతూ 5ని ఖాళీగా వదిలేస్తే 5 పైకి పోతుంది, 12 కిందకి దిగుతుంది. మందు ఏంటంటే ఎరుపు నలుపు మధ్య ఏదైనా లోడ్ పెట్టడం, నేను కారు బ్రేక్ లైట్ బల్బు పెట్టా, 12 వోల్ట్‌లదే, 5 మీద మసకగా వెలుగుతుంది, దాంతో 12 మళ్లీ కాస్త కోలుకుంది. రాత్రిపూట ఆ ఎర్రటి మసక వెలుతురులో బల్బు, వైర్లు, లైపోలు, చూసిన మా అమ్మ "ఏంట్రా ఇది, క్షుద్రపూజలా" అంది.

పైగా ఆ 450 అనేది మాయ. పక్కనుండే లేబుల్ పట్టిక చూడండి, 12 వోల్ట్‌ల కింద ఎన్ని యాంప్స్ రాశారో అదే మనకి లెక్క. నాదాంట్లో 14 రాసుంది, అదీ కొత్తలో మాట, పదేళ్ల కిందటి కెపాసిటర్లతో అంత వస్తుందని నేను నమ్మను. మూడు వారాలు వాడి మూల పెట్టేశా. ఫ్రీ అనే ఒక్క కారణంతో దీన్ని ఎవరికీ చెప్పను.

తర్వాత హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే కోఠి గుజరాతీ గల్లీకి పోయా. ఎల్‌ఈడీ బోర్డులకి వాడే రేకు డబ్బా సప్లైలు, చిల్లులుంటాయి చూడండి, అవి అక్కడ వరసగా పేర్చి ఉంటాయి, 12 వోల్ట్‌లు 30 యాంప్స్ అన్నది ఓ షాపులో బేరమాడి తెచ్చా, కంపెనీ పేరు ఏంలేదు, స్టిక్కర్ మాత్రం ఉంది. ఇంటికొచ్చి మూడు పిన్నుల వైరు బిగించి, అవుట్‌పుట్‌కి ఇంకా ఏం పెట్టకుండా ఆన్ చేశా. ఢామ్మని పేలింది. దీపావళి లక్ష్మీ బాంబు లోపల పెట్టినట్టు, చిల్లుల్లోంచి పొగ, ఇంటి ఎమ్‌సీబీ పడిపోయింది, పక్క ఫ్లాట్ అంకుల్ కూడా బయటికొచ్చాడు. కారణం తర్వాత తెలిసింది, ఆ డబ్బా పక్కన చిన్న కన్నంలో ఎర్ర స్విచ్ ఒకటి ఉంటుంది, 110, 220 అని. అది 110 మీద ఉంది. 110 మీద పెడితే లోపల సర్క్యూట్ వచ్చిన వోల్టేజ్‌ని రెట్టింపు చేస్తుంది, మన 230 శిఖరం 325 వోల్ట్‌ల దాకా వెళ్తుంది, లోపలున్న ఒక్కో కెపాసిటర్ 200 వోల్ట్‌లది, ఇక ఏమవ్వాలి. షాపతను "చూస్కోవాలి గదా భయ్యా" అన్నాడు, మార్చలేదు. పొరపాటు నాది కూడా ఉంది గానీ ఇండియాలో అమ్మేదాన్ని 110 మీద ఎందుకు పెట్టి ఇస్తారో నాకిప్పటికీ అర్థం కాదు. స్క్రూడ్రైవర్ మొనతో ఆ స్విచ్ జరపడానికి రెండు సెకన్లు పడుతుంది.

ఆ రకం డబ్బాలు చెడ్డవని అనను. అన్న మీన్‌వెల్ ఎల్‌ఆర్‌ఎస్-350-12 వాడతాడు, 29 యాంప్స్, పక్కనున్న చిన్న స్క్రూ తిప్పితే 10.2 నుంచి 13.8 దాకా సర్దుకోవచ్చు, అతను 13.5 మీద పెట్టుకున్నాడు, ఎన్నో గంటలు చార్జింగ్ చేశాక కూడా చెయ్యి పెట్టగలిగేంత వేడే. దీనికీ ఆ స్విచ్ ఉంటుంది, చూసుకోండి. ఒకటే ఇబ్బంది, 230 వచ్చే స్క్రూలు అలా బయటికే ఉంటాయి, పైన ప్లాస్టిక్ మూత పల్చగా ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో చెక్క పెట్టెలోనో ప్లాస్టిక్ బాక్స్‌లోనో బిగించకుండా వాడకూడదు, ఎర్త్ వైరు కచ్చితంగా రేకుకి కలపాలి. ఇవన్నీ చేస్తే ఇంకో రెండు మూడు వందలు అవుతుంది, అయినా కొత్తది కొనాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదే.

నా దగ్గర ఇప్పుడున్నది మాత్రం సర్వర్ పవర్ సప్లై. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం మైనింగ్ ఆగిపోయింది కదా, నాకు దొరికింది అలా మైనింగ్ కంప్యూటర్ (రిగ్గు) విప్పేసిన కుర్రాడి దగ్గర, ఎల్‌బీ నగర్ మెట్రో కింద కలిసి తీసుకున్నా. హెచ్‌పీ సర్వర్‌లో వాడిన 460 వాట్లది, పొడుగ్గా ఇటుక లాగా ఉంటుంది, మొత్తం 12 వోల్ట్‌లే, 38 యాంప్స్. దాంతోపాటు బ్రేకవుట్ బోర్డు అని చిన్న బోర్డు ఇచ్చాడు, వెనక పళ్లకి గుచ్చితే చాలు, ఆన్ బటన్, గ్రాఫిక్స్ కార్డ్‌కి వాడే ఆరు పిన్నుల సాకెట్లు ఉంటాయి. రెండూ కలిపి వెయ్యి రూపాయలు. బోర్డు లేకుండా కూడా పిన్నులు కలిపి ఆన్ చేసుకోవచ్చు కానీ ఒక్కో మోడల్‌కి ఒక్కో పిన్ను, తప్పు పిన్ను కలిపితే అంతే సంగతులు, బోర్డు తీసుకోవడమే సుఖం.

ఆరు పిన్నుల వైరులో మూడు పసుపు, మూడు నలుపు ఉంటాయి, పసుపు మూడూ కలిపి ఎక్స్‌టీ60 ప్లస్‌కి, నలుపు మూడూ మైనస్‌కి. సోల్డర్ చేసేటప్పుడు ఎక్స్‌టీ60కి రెండో సగం గుచ్చి పెట్టుకోండి, లేకపోతే ప్లాస్టిక్ మెత్తబడి పిన్నులు వంకర పోతాయి. లోడ్ లేనప్పుడు 12.2, రెండు బ్యాటరీలు పెట్టి లాగినప్పుడు 12.1. నేను మీటర్ చెడిపోయిందేమో అని రెండోసారి చూశా. మొన్న వేసవిలో ఏసీ లేని గదిలో వరసగా నాలుగు గంటలు నడిపా, ఏమీ అవ్వలేదు, అది డేటా సెంటర్లో రాత్రింబగళ్లు తిరగడానికి పుట్టిన సరుకు, మన బొమ్మ కారు దానికో లెక్కా.

బాధల్లా చప్పుడు. ఆ చిన్న ఫ్యాన్ ఆన్ చేసిన మొదటి ఐదు సెకన్లు మిక్సీలో పచ్చడి వేసినట్టు అరుస్తుంది, తర్వాత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. బాల్కనీలో పెట్టుకుని వాడుతున్నా. బ్యాటరీలు కూడా ఎలాగూ బయట గచ్చు మీద, కింద పాత టైల్ వేసి పెడతా, లైపోని మంచం మీద పెట్టి పక్కగదిలో పడుకునేవాళ్లకి దండం.

కరెంటు పోయినప్పుడు ఏంటని అడిగేవాళ్లకి, మా ఊళ్లో అయితే ఇన్వర్టర్ బ్యాటరీనే వాడా. 150 ఏహెచ్ ట్యూబులర్, దాని టెర్మినల్స్‌కి క్లిప్పులు పెట్టి, మధ్యలో 15 యాంప్స్ ఫ్యూజ్ వేసి నేరుగా చార్జర్‌కి ఇచ్చేయడమే. ఇన్వర్టర్ నుంచి 230 తీసి మళ్లీ అడాప్టర్ పెట్టడం కన్నా ఇదే నయం, రెండుసార్లు మార్చుకోవడంలో పోయే కరెంటు మిగులుతుంది. చార్జర్‌లో ఇన్‌పుట్ కటాఫ్ 11.8 పెట్టా, ఆ బ్యాటరీ లోపలిదాకా ఖాళీ అయితే దాని ఆయుష్షు తగ్గుతుంది, నాన్న చేతిలో నా ఆయుష్షు కూడా.

ఎం6 ఫుల్ 150 వాట్లు చూడాలంటే 12 వోల్ట్‌లు చాలవు, ఇన్‌పుట్ వోల్టేజ్ పెంచితే తప్ప రాదు, నా 3ఎస్‌లకి మాత్రం 10 యాంప్స్ మీద ఎలాగూ 126 చాలు. దానికోసం రెండు సర్వర్ సప్లైలు సిరీస్‌లో కలిపి 24 చేసుకోమని చెప్పేవాళ్లున్నారు. వీటి మైనస్ లోపల రేకుకీ, రేకు ఎర్త్‌కీ కలిసి ఉంటుంది, ఊరికే రెండూ కలిపితే మధ్యలో షార్ట్ అవుతుంది. కొందరు ఒకదాని ఎర్త్ తీసేసి వాడతారు, అలా చేస్తే ఏదో ఒకరోజు ఆ రేకే షాక్ కొడుతుంది. లోపల విప్పి మైనస్‌ని రేకు నుంచి విడదీయడం తెలిసినవాళ్లు వేరే, నాకు ఒక పేలుడు చాలు. 24 కావాలంటే అదే మీన్‌వెల్‌లో 24 వోల్ట్‌లది ఉంది, 14.6 యాంప్స్, అది తీసుకోండి. నేను 126తోనే కానిచ్చేస్తున్నా, చార్జింగ్ అయ్యేలోపు టైర్లకి పట్టిన మట్టి కడుక్కుంటా.