సిమెంటు బస్తాలా, సొంత పంటా: ఊరు మారాలంటే ఏది మేలు?

ఊరికి మార్పు ఎలాగూ వస్తుంది. నిన్నటి పంటకు ఇవాళ గిరాకీ ఉండదు, చదువుకున్న పిల్లలు పట్నం దారి పడతారు. ఆ మార్పును ఎవరు నడపాలన్న దగ్గరే పేచీ. ప్రభుత్వం ముందుండి నడిపించింది దక్షిణ కొరియాలో. ఊరే ముందు నడిచింది జపాన్‌లోని ఓయిటాలో. ఈ రెండింటినీ విజయగాథలంటూ ఒకే గాటన కట్టేస్తుంటారు, కానీ వాటి మధ్య తేడా చాలా పెద్దది.

కొరియాలో 1970లో అధ్యక్షుడు పార్క్ చుంగ్ హీ సేమాయుల్ ఉద్యమం మొదలుపెట్టాడు. సేమాయుల్ అంటే కొత్త ఊరు. తొలి విడతలో 33 వేలకు పైగా ఊళ్లకు, చిన్నదా పెద్దదా అని చూడకుండా, తలా 335 బస్తాల సిమెంటు ఇచ్చారు. దాన్ని ఊరందరికీ పనికొచ్చే పనులకే వాడాలి. వంతెన కట్టాలా, బావి బాగుచేయాలా, దారి వెడల్పు చేయాలా అన్నది ఊరివాళ్లే కూర్చుని తేల్చుకోవాలి.

నాకు ఈ పథకంలో బాగా నచ్చింది ఆ సిమెంటే. డబ్బు ఇస్తే పంచుకుని ఎవరి దారిన వాళ్లు పోవచ్చు. సిమెంటును మూల పడేస్తే గడ్డకడుతుంది. అంటే ఊరు త్వరగా ఒక మాట మీదికి రావాల్సిందే. మరుసటి ఏడాది, పని బాగా చేసిన 16 వేలకు పైగా ఊళ్లకే తలా 500 బస్తాల సిమెంటు, టన్ను ఇనుము ఇచ్చారు. ఊరికో మగ నాయకుడు, ఒక మహిళా నాయకురాలు, ఇద్దరూ జీతం లేకుండా పనిచేశారు. మగవాళ్ల మాటే చెల్లే ఊళ్లలో ఆడవాళ్లకు అలా చోటు దక్కడం చిన్న సంగతి కాదు.

అయితే ఉద్యమం ముదిరేకొద్దీ పైనుంచి ఒత్తిడి పెరిగింది. ఇళ్ల మీది గడ్డి కప్పులు తీసేయాల్సిందేనని అధికారులు వెంటపడ్డారు. వాటి బదులు వేసిన రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంది, అది ఊపిరితిత్తులను దెబ్బతీసే నార ఖనిజం. దాని ముప్పు తర్వాతి తరం మోయాల్సి వచ్చింది. ఇంకోటి, ఆ రోజుల్లో ప్రభుత్వం వరిని ఎక్కువ ధరకు కొన్నది కాబట్టి, రైతు ఆదాయం పెరిగిన ఘనతంతా ఉద్యమానిదే అనడం సరికాదు.

ఓయిటా కథ ఓయామా అనే చిన్న కొండ ఊరితో మొదలవుతుంది. వరి పండించండని దేశమంతా చెబుతున్న రోజుల్లో, చదును నేల లేని ఆ ఊరు 1961లో ప్లమ్, చెస్ట్‌నట్ చెట్లు నాటాలని తీర్మానించుకుంది. "ప్లమ్, చెస్ట్‌నట్ నాటి హవాయికి పోదాం" అన్నది వాళ్ల నినాదం, అంటే బాగా సంపాదించి ఆ అమెరికా దీవులకు విహారయాత్ర వెళ్దామని. 1979లో ఓయిటా గవర్నర్ హిరమత్సు దీన్ని చూసే "ఒక ఊరు, ఒక ఉత్పత్తి" ఉద్యమాన్ని ప్రాంతమంతా విస్తరించాడు. ఊళ్లకు నేరుగా సబ్సిడీ ఇవ్వలేదు. సాంకేతిక సాయం, మార్కెటింగ్, నాయకులకు శిక్షణ వరకే ప్రభుత్వం పని. ఈ దారిలో చెట్లు కాపుకొచ్చేదాకా ఓపిక పట్టాలి. చొరవ తీసుకునే మనిషి లేని ఊరు వెనకబడిపోతుంది కూడా.

ఊరి మాట అసలే వినకపోతే ఏమవుతుందో టాంజానియా చూసింది. 1973 నుంచి లక్షలాది కుటుంబాలను బలవంతంగా కొత్త ఊళ్లకు తరలించారు. ఎక్కడ ఏది పండుతుందో తెలిసిన రైతులు తెలియని నేల మీద పడ్డారు. కరువు కూడా తోడై, తిండిగింజలు బయటి నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది.

దారి, నీళ్లు కూడా లేని ఊరికైతే కొరియా తొలి ఏడాది పద్ధతే మేలంటాను. సరుకు పైనుంచి రావాలి, నిర్ణయం ఊరు చేయాలి. అవి ఉన్న ఊరికి ఓయిటా దారి మేలు. తొందర ఉన్న ప్రభుత్వాలకు ఇది రుచించదు, అయినా నా ఓటు దానికే.

ఒక్క విషయంలో మాత్రం ఏదీ మేలు కాదు. కొరియా ఊళ్లూ, ఓయిటా కొండ ఊళ్లూ ఇవాళ ముసలివాళ్లతోనే మిగిలాయి. పంటకు మంచి ధర వచ్చినా, రోడ్డు బాగుపడినా, పిల్లలు ఆ రోడ్డు మీదే పట్నం వెళ్లిపోయారు.