పాత మిలటరీ రైఫిల్ కొంటున్నారా? కర్ర పాలిష్ చూసి పడిపోకండి

రెండేళ్లు తిరిగితే లైసెన్స్ చేతికొచ్చింది. ఆ ఊపులో, దసరా ఆయుధపూజకి ఇంట్లో ఉండాలని హైదరాబాద్‌లోనే ఒక డీలర్ దగ్గర పాత లీ-ఎన్‌ఫీల్డ్ (బ్రిటిష్ సైన్యం వాడిన రకం) రైఫిల్ కొన్నాను. "యుద్ధకాలం నాటి మిలటరీ బాడీ సార్, బ్యారెల్ ఒక్కటే .315కి మార్చారు" అన్నాడు. .315 అంటే బ్యారెల్ బోరు, అంటే గొట్టం లోపలి వ్యాసం, అంగుళాల్లో. కిరీటం గుర్తు, దాని కింద జి.ఆర్.ఐ. (బ్రిటిష్ రాజు జార్జ్ పేరు పొడి అక్షరాలు), ఇషాపూర్ (బెంగాల్‌లోని తుపాకుల ఫ్యాక్టరీ), 1942 అని ముద్ర. అది చూశాక నా బుర్ర పనిచేస్తే ఒట్టు. కర్ర నిగనిగలాడుతోంది. బ్యారెల్ నిండా గ్రీజు. "అలా ఉంటేనే తుప్పు పట్టదు" అంటే సరేనన్నాను.

రేంజ్‌లో మొదటి తూటాకే బోల్టు, అంటే తూటాని వెనక నుంచి మూసే కడ్డీ, బిగుసుకుపోయింది. అరచేత్తో కొట్టి తెరిచాను. నాకే చేతకావట్లేదనుకున్నాను. మూడోసారి పేల్చగానే వేడి గాలి చెంపకి కొట్టింది. కళ్లజోడు ఉండబట్టి బతికిపోయాను. బయటపడ్డ ఖాళీ కేసు (తూటా ఇత్తడి గుల్ల) అడుగుకి కాస్త పైన, చుట్టూ మెరిసే గీత ఒకటి. రేంజ్ ఆఫీసర్ అది చూసి ఇంకో మాట లేకుండా రైఫిల్ పక్కన పెట్టించారు.

పాతబస్తీలో తుపాకులు బాగుచేసే లైసెన్స్ ఉన్న ఒక ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాను. "లకడీ దేఖ్‌కే లేలియే క్యా సాబ్?" (కర్ర చూసి కొనేశారా?) అని నవ్వారు. పేపర్ క్లిప్ కొస వంచి కేసు లోపల గీస్తూ పైకి లాగమన్నారు. సరిగ్గా ఆ గీత దగ్గర టక్కున తట్టుకుంది. లోపల గోడ పలచబడిందట, ఇంకాస్త సాగితే రెండు ముక్కలే. బోల్టు మీద నంబరు ఒకటి, బాడీ మీద ఇంకొకటి. లీ-ఎన్‌ఫీల్డ్‌లో వేరే రైఫిల్ బోల్టు పెట్టినా దూరిపోతుంది, కానీ బోల్టు ముఖానికీ బ్యారెల్‌కీ మధ్య తూటా వెనక అంచు పట్టేంత సందే ఉండాలి, ఎక్కువైతే కేసు ఇలాగే సాగుతుంది. దాన్నే హెడ్‌స్పేస్ అంటారు. గేజ్ (కొలత చూసే పనిముట్టు) పెడితేనే తెలుస్తుంది, కంటికి ఆనదు.

గ్రీజు తుడిచి, వెనక తెల్ల కాగితం పెట్టి టార్చి వేస్తే లోపల గాడుల నిండా తుప్పు తిన్న గుంటలు. పాతకాలం తూటాల క్యాపుల్లో (దెబ్బకి మంట రాజేసే చిన్న మూతల్లో) పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది ఉప్పుగా మారి బ్యారెల్‌లో మిగిలి తేమ లాగుతుంది. ఆ ఉప్పు నూనెకి కరగదు. ముందు వేడినీళ్లు పోసి కడిగి, బాగా ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె పూయాలి. అప్పట్లో ఎవరో బద్ధకించారు, ఫలితం నాకు దక్కింది.

ఇంకో సంగతి. ".303 ఉంది, చూస్తారా?" అని ఎవరైనా చెవిలో ఊదితే లేచి వచ్చేయండి. అది ప్రొహిబిటెడ్ బోర్ (మామూలు జనానికి నిషేధించిన బోరు), మామూలు లైసెన్స్ మీద కుదరదు.

డీలర్‌కి ఫోన్ చేస్తే "లైసెన్స్‌లో ఎక్కాక వెనక్కి తీసుకోను" అన్నాడు. బోల్టు తలకాయ మార్చి గేజ్ పెట్టి చూస్తానని ఉస్తాద్ అన్నారు. బ్యారెల్‌కి మాత్రం మందు లేదట. ఈసారి ఆయుధపూజకి బొట్టు పెట్టి, మళ్లీ బీరువాలో పెట్టేస్తాను.