మాంక్ ఆడాలంటే 2014 రూల్సా, 2024 రూల్సా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికల కథా ఆటలో ఎవరైనా మాంక్ (ఉత్త చేతులతో కొట్టే యోధుడి పాత్ర) తీసుకుంటే చాలు, టేబుల్ దగ్గర అదే పంచాయితీ.

గుద్దు దెబ్బకి వేసే పాచిక: పాతదాంట్లో 1వ లెవెల్లో డీ4 (నాలుగు ముఖాలది), కొత్తదాంట్లో డీ6 (ఆరు ముఖాలది).

బోనస్ గుద్దు: పాతదాంట్లో ముందు అటాక్ యాక్షన్ (టర్న్‌లో ప్రధాన చర్యగా దాడి) వాడాలి. కొత్తదాంట్లో ఆ షరతు లేదు, డాష్ (అదనపు పరుగు) చేసి మూలనున్న గోబ్లిన్ దాకా ఉరికి దవడ మీద ఒకటి ఇచ్చేయొచ్చు.

ఖర్చు: బోనస్ యాక్షన్‌తో (టర్న్‌లో దొరికే అదనపు చిన్న చర్య) పరిగెత్తడానికి పాతదాంట్లో ఒక కి పాయింట్ (మాంక్ ప్రత్యేక శక్తి). కొత్తదాంట్లో ఉత్త డాష్ ఫ్రీ.

అసలు గొడవ స్టన్నింగ్ స్ట్రైక్ (శత్రువుని స్తంభింపజేసే దెబ్బ) దగ్గర. 5వ లెవెల్లో పాత మాంక్‌కి ఉండేవి 5 కి పాయింట్లు. రెండు దెబ్బలు, ఇంకో పాయింటు పెట్టి ఫ్లర్రీతో (వరస గుద్దులు) మరో రెండు, తగిలిన ప్రతి దెబ్బకీ ఒక పాయింటు పెట్టి ఒక స్టన్ ప్రయత్నం, అంటే ఒక్క టర్న్‌లోనే జేబు ఖాళీ! ఓగర్ (ఒక రాక్షసి) నాలుగు సేవ్‌లూ (తప్పించుకోవడానికి వేసే పాచికలు) గట్టెక్కిందా, ఇక షార్ట్ రెస్ట్ (పాయింట్లు తిరిగొచ్చే చిన్న విరామం) దాకా మీరు ప్రేక్షకులే. కొత్తదాంట్లో టర్న్‌కి ఒక్కసారే, కానీ శత్రువు సేవ్ నెగ్గినా దాని వేగం సగమవుతుంది, దాని మీద పడే తర్వాతి దెబ్బకి అడ్వాంటేజ్ (రెండు పాచికలేసి పెద్దది తీసుకోవడం) వస్తుంది. నాకిదే నచ్చింది, డీఎంకి (ఆట నడిపేవాడికి) కూడా టెన్షన్ తక్కువ.

పాత క్యాంపెయిన్ సగంలో ఉండి, బాస్‌ని ఒక్క టర్న్‌లో స్తంభింపజేసే జూదం మీ గ్రూపుకి సరదా అయితే 2014తోనే కానివ్వండి. కొత్త ఆటగాడైనా, షార్ట్ రెస్ట్‌లు తక్కువ ఇచ్చే డీఎం అయినా 2024 తీసుకోండి. కొత్త డైస్, పాత స్టన్ రెండూ కావాలని అడిగేవాడికి మాత్రం ఒప్పుకోవద్దు.