మహేంద్రగిరి: రెండు మహేంద్రతనయల నడుమ కొండ

ఒడిశాలోని పర్లాకిమిడి పక్కన పారే ఏరు మహేంద్రతనయ. శ్రీకాకుళం జిల్లాలో మందస, సోంపేట మీదుగా వచ్చి బారువ దగ్గర సముద్రంలో కలిసేదీ మహేంద్రతనయే. పేరొకటే గాని ఏరు ఒకటి కాదు. మొదటిది వంశధారలో కలిసి, దానితో పాటు కళింగపట్నం దాకా పోతుంది. రెండోది ఎవరితోనూ కలవకుండా తిన్నగా బంగాళాఖాతంలోకి దిగుతుంది. రెండింటికీ పుట్టిల్లు ఆంధ్ర–ఒడిశా సరిహద్దు దగ్గరి మహేంద్రగిరి కొండలే కాబట్టి రెండూ మహేంద్రుడి కూతుళ్లే అయ్యాయి. ఏటి వెంట దారి చెప్పేవాళ్లను ఏ మహేంద్రతనయో ముందు అడగాలి. బారువ ఏటిని నమ్ముకుని మందస వైపు నుంచి బయల్దేరితే కొండ దగ్గరగానే కనిపిస్తుంది గాని, అటు కాలిబాటలే ఎక్కువ. యాత్రికుల బళ్లు మామూలుగా ఎక్కేది ఒడిశా వైపు నుంచి, గజపతి జిల్లా కొయిన్‌పూర్ మీదుగా.

శిఖరం ఎత్తు 1,501 మీటర్లు. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవమాలి (కోరాపుట్ జిల్లా, 1,672 మీటర్లు) దీనికన్నా పెద్దదే. అయితే దేవమాలి పీఠభూమి మీద నిలబడింది. మహేంద్రగిరికి సముద్రం సూటిగా పాతిక కిలోమీటర్ల దూరమే. దాదాపు సముద్ర మట్టం నుంచి ఒక్కసారిగా లేచిన కొండ కావడంతో తడిగాలి దీన్నే మొదట కొట్టుకుంటుంది. మంచు అలుముకుంటే పది అడుగుల అవతల గుడి కూడా కనబడదు. తెరిపి ఇచ్చిన ఉదయాన తూర్పున సముద్రపు గీత కనిపిస్తుంది. ఎండెక్కితే ఆ గీత మసకబారుతుంది కాబట్టి ఎనిమిదిలోపు పైన ఉండేలా చూసుకోవాలి.

బసకు పర్లాకిమిడే మేలు. మందసలో కోవా బాగుంటుంది, వాసుదేవ పెరుమాళ్ గుడి చూడదగ్గది. కానీ రాత్రి అక్కడ ఉంటే తెల్లవారుజామున సరిహద్దు చుట్టి రావాలి. బరంపురంలో హోటళ్లు ఎక్కువే గాని అక్కడి నుంచి ఒక్క రోజులో కొండ చూసి రావడం ఆయాసం. పర్లాకిమిడి లాడ్జీలు సాదాసీదా. వేడినీళ్లు ఏ వేళకు వస్తాయో గది తీసుకునేటప్పుడే అడగండి, ఎందుకంటే నాలుగున్నరకు బయల్దేరాలి. జిల్లా ఒడిశాదైనా బజారులో తెలుగుతో పని జరిగిపోతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు రాజధానిలోదే. గిడుగు రామమూర్తి బడి పంతులుగా పనిచేసింది, సవర గిరిజనుల భాష నేర్చుకున్నది ఇక్కడే. కొండ దారిలో తగిలే పల్లెలు చాలావరకు ఆ సవరలవే. అక్కడ తెలుగు పట్నంలో పనిచేసినంతగా పనిచేయదు.

రైలు మీద వచ్చేవాళ్లు పలాసలోనో నౌపడలోనో దిగాలి. నౌపడ–గుణుపూర్ లైను ఒకప్పటి చిన్న గేజి బండిది, 2011లో బ్రాడ్‌గేజి అయింది. రోజుకు తిరిగే బళ్లు తక్కువ. ఒకటి తప్పితే టెక్కలి మీదుగా బస్సు పట్టుకోవడమే దిక్కు.

కొండకు మాట్లాడుకునే బండి కింద ఎత్తున్నదై ఉండాలి. ఘాట్ రోడ్డులో కారు కింద భాగం రాళ్లకు తగిలితే మెకానిక్ పైకి రాడు. డీజిలు పర్లాకిమిడిలోనే నింపుకోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పలహారం, చిల్లర డబ్బు దగ్గరుండాలి. దారిలో ఫోను పనిచేస్తుందని నమ్ముకోవద్దు. వెళ్లడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. అక్టోబరుకు తుపాను భయం ఉంది: 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి ప్రాణాలు పోయాయి. శివరాత్రికి మాత్రం వేలల్లో జనం. గుళ్లు తీరిగ్గా చూడాలనుకునేవాళ్లకు ఆ రోజు పనికిరాదు.

పైన గుళ్లు మూడు. భీముడిది, కుంతిది, ధర్మరాజుది అంటారు. ఇవి జనం పెట్టుకున్న పేర్లు. భీముడి గుడి అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా చిన్నది. పెద్ద పెద్ద బండలను సున్నం లేకుండా ఒకదానిమీద ఒకటి పేర్చి నిలబెట్టారు, చెక్కడం దాదాపు లేదు. ఫొటోల్లో చూసి పెద్ద గోపురం ఊహించుకున్నవాళ్లు నిరాశపడతారు గాని, ఆ బరువు రాళ్లు ఆ అంచుమీదికి ఎలా చేరాయన్న ప్రశ్నతోనే కాసేపు గడిచిపోతుంది. కుంతి గుడిని గోకర్ణేశ్వరుడి గుడిగానూ చెబుతారు. చరిత్రకు తాళంచెవి ఈ రెండో పేరే. కళింగ గంగరాజుల తామ్రశాసనాలు తరచు మహేంద్రాచల శిఖరాన వెలసిన గోకర్ణస్వామి స్తుతితో మొదలవుతాయి. రాజధాని కళింగనగరం వంశధార ఒడ్డున, కులదైవం ఆ నదికి నీళ్లిచ్చే కొండమీద. కొండకు ఉత్తరాన కొంగోద రాజ్యాన్ని ఏలిన శైలోద్భవ వంశపు రాజులకూ ఇదే కులగిరి. అంటే ఈ కొండ నీళ్లనే కాదు, రాజ్యాలనూ పంచింది.

చోళులకూ ఆ సంగతి తెలుసు. విమలాదిత్యుడనే రాజును ఓడించినట్టు రాజేంద్రచోళుడి (పాలన 1014–1044) శాసనం, పులి, జంట చేపల ముద్రతో సహా ఇక్కడి రాళ్లమీద ఉంది. అక్షరాలు అరిగిపోయాయి, పక్కవాటుగా ఎండ పడినప్పుడే చదవడానికి వీలు. సుద్ద పూయడం, నీళ్లు చల్లడం చేయకండి. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభం మీదా ‘మహేంద్రగిరి’ అని ఉంది గాని, అది కొండ పేరా, పిష్టపుర (పిఠాపురం) రాజు పేరా అన్న వాదం తెగలేదు. గైడ్లు మాత్రం తేల్చి చెప్పేస్తారు.

ఇంకో తికమక పురాణాలది. ఏడు కులపర్వతాల్లో మహేంద్రం ఒకటనీ, ఋషికుల్య, లాంగూలిని, వంశధార వగైరాలు అందులో పుట్టాయనీ చెబుతాయి. లాంగూలిని అంటే నాగావళి. అది, వంశధార కలహండి వైపు కొండల్లో, ఋషికుల్య కంధమాల్ కొండల్లో పుడతాయి. ఈ శిఖరం నుంచి ఒక్కటీ రాదు. పురాణాల మహేంద్రం ఒక్క కొండ కాదు, ఈ తూర్పు కనుమల వరుస మొత్తం. వరుసకున్న పేరు చివరికి ఈ శిఖరానికే మిగిలింది.

రెండో రోజు ఉంటే ముఖలింగం తప్పనిసరి, కళింగనగరం అదేనని చరిత్రకారులు చాలామంది ఒప్పుకుంటారు. సమయం చాలకపోతే పర్లాకిమిడి కోట, గండాహతి జలపాతం వదిలేసినా నష్టం లేదు. కొండను పొద్దున్న, ముఖలింగాన్ని సాయంత్రం ఒకే రోజులో ఇరికిస్తే రెండూ సగం సగమే అవుతాయి. ముఖలింగం నుంచి శ్రీకాకుళం 46 కిలోమీటర్లు. తిరుగు ప్రయాణం ఆమదాలవలస స్టేషను నుంచి పెట్టుకుంటే మళ్లీ పలాస దాకా వెనక్కి రానక్కర్లేదు.