బైకులు బయటే మేడమ్: విజయవాడ నుంచి కొండవీడు, సూర్యలంక

సూర్యలంకలో మేం దిగిన రిసార్టు మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు. ఆ ఒక్క రాత్రి లేకపోతే ఈ ప్రయాణం గురించి అన్నీ మంచి మాటలే రాసేదాన్ని.

ఫిబ్రవరిలో రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చాయని ముగ్గురం బయల్దేరాం. మా ఆయనది 2018లో కొన్న పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ బైకు, 411 సీసీ. మా మరిది ఈమధ్యే కొత్త హిమాలయన్ 450 తీసుకున్నాడు. నాకంటూ సొంత బండి లేదు, ఇద్దరివీ నడుపుతాను. నా ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. ఈ లెక్కతో కొండవీడు దగ్గర పని పడుతుంది.

పొద్దున ఆరింటికి పటమటలో బయల్దేరి, వారధి దాటి, మంగళగిరి మీదుగా కాజ టోల్‌గేటుకి చేరాం. బైకులకి టోల్ లేదు, పక్క దారిలోంచి వెళ్లిపోవచ్చు. కానీ మరిది బండి పక్కకి తీసి ఫొటో తీయమన్నాడు. అతని బండి రంగు పేరు కాజా బ్రౌన్. హిమాచల్‌లో స్పితి లోయలో ఉన్న కాజా ఊరి పేరు పెట్టారు. "ఆ కాజాకి ఎప్పుడు వెళ్తామో గానీ, మన కాజకి మాత్రం తెచ్చేశా వదినా" అని ఒకటే సంబరం. 2023 నవంబర్లో ఈ బండి వచ్చినప్పుడు షోరూం ధర 2.69 లక్షలతో మొదలైంది ఈ రంగుతోనే.

గుంటూరు బ్రాడీపేటలో మా ఆయన స్నేహితుడు హీరో ఎక్స్‌పల్స్ 200 బైకు వేసుకుని కలిశారు. టిఫిన్ అక్కడే. నెయ్యి కారంపొడి ఇడ్లీ ప్లేటు 60 రూపాయలు. ఇడ్లీ ముక్క తుంచితే వేళ్ల మధ్య దూదిలా విడిపోయింది. నలుగురికీ కాఫీలతో కలిపి 340 అయింది. ఆ ఇడ్లీ కోసం మళ్లీ గుంటూరు వెళ్లమన్నా వెళ్తాను.

కొత్త బండి డిజైన్ మీద వాదన కూడా ఆ టేబుల్ దగ్గరే మొదలైంది. మా ఆయనకి పాత బండి మొహమే ఇష్టం. ట్యాంకుకి రెండు పక్కలా హెడ్‌లైటు దాకా వచ్చే ఇనప కమ్మీలు, డాష్‌బోర్డు మీద వరసగా మీటర్లు, మూల చిన్న దిక్సూచి. "అది చూస్తే ఎక్కడికైనా పోయే బండని తెలుస్తుంది. ఇప్పుడు మధ్యలో ఒక గుండ్రటి ఫోన్ పెట్టారు" అన్నారు. మరిదికి ఆ గుండ్రటి స్క్రీనే ప్రాణం. నాలుగంగుళాల తెర, ఫోన్ కలిపితే గూగుల్ మ్యాప్ మొత్తం అందులోనే కనిపిస్తుంది. హ్యాండిల్‌కి ఫోన్ హోల్డరు బిగించుకుని, గుంతలో పడ్డప్పుడల్లా ఫోన్ ఉందా ఊడిందా అని చూసుకునే టెన్షన్ లేదు. ఈ విషయంలో నా ఓటు మరిదికే.

మా ఆయన స్నేహితుడు వెనక లైటు గురించి ఎత్తారు. కొత్తదానికి విడిగా బ్రేక్ లైటు ఉండదు, వెనక ఇండికేటర్లలోనే కలిపేశారు. "రాత్రిపూట వెనక వచ్చేవాడికి రెండు చుక్కలు కనిపిస్తాయి చెల్లెమ్మా, మధ్యలో ఏమీ ఉండదు. నాకు నచ్చదు" అన్నారు. నాకు వెనకవైపు శుభ్రంగా ఉందనే అనిపించింది. కానీ ఆ సాయంత్రం చీకటి పడ్డాక పెదనందిపాడు రోడ్డులో మరిది వెనకాల వెళ్తుంటే అన్నయ్యగారి మాట గుర్తొచ్చింది. రెండు ఎర్ర చుక్కలకీ నా కళ్లు అలవాటు పడటానికి కాస్త టైం పట్టింది.

ఫిరంగిపురం వైపు పొలాల్లో కల్లాల నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. హెల్మెట్ గ్లాసు దించినా తుమ్ములు ఆగలేదు. మా ఆయన బండి ఆపి, హెల్మెట్ తీసి, కళ్లు కడుక్కున్నారు.

కొండవీడు ఘాట్ ఎక్కేటప్పుడు 450 నాకిచ్చారు. ఇదే కొండమీది కోటని 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల దగ్గర గెలుచుకున్నాడు. సైన్యం ఏనుగులతో ఎలా ఎక్కిందో గానీ ఇప్పుడు చక్కటి తారు రోడ్డుంది. మొదటి రెండు మలుపుల్లోనే రెండు బళ్లకీ తేడా తెలిసిపోయింది. పాతది 24 హార్స్‌పవర్, అయిదు గేర్లు. బరువు మోసే ఎద్దులాగా తక్కువ స్పీడులోనూ లాగుతుంది. కొత్తది 452 సీసీ, 40 హార్స్‌పవర్, ఆరు గేర్లు. థ్రాటిల్ తిప్పితే మలుపు అయ్యేలోపే బండి ముందుకు ఉరుకుతుంది. ట్యాంకు మోకాళ్ల దగ్గర సన్నబడటంతో రెండు మోకాళ్లతో బండిని పట్టుకున్నట్టే ఉంటుంది. పాతదాని మీద నాకెప్పుడూ ఆ పట్టు దొరకలేదు.

నాలుగో మలుపో అయిదోదో, ఎదురుగా జీపు వస్తే ఆపాల్సి వచ్చింది. నేను ఎడమ కాలు దించాను. ఆ పక్క రోడ్డు వాలుగా ఉంది. బూటు ముందు భాగం గాలిలోనే ఉండిపోయింది, నేల తగల్లేదు. 196 కిలోల బండి కదా, ఒకసారి వాలడం మొదలుపెడితే నా బలం చాలదు. మంచం మీద బిడ్డని పడుకోబెట్టినట్టు నిదానంగా పక్కకి ఒరిగిపోయింది. నేను పక్కకి దూకేశాను. మరిది పరిగెత్తుకొచ్చి మొదట అడిగిన మాట "వదినా, కాలికేమైనా తగిలిందా?" అని. ఆ తర్వాతే బండి వైపు చూశాడు. కొత్త బండి కొని రెండు నెలలు కూడా కాలేదు. ఆ మాటకి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. క్రాష్ గార్డు మీద ఒక గీత, హ్యాండిల్ చివర ఇంకోటి, అంతే.

తప్పు బండిది కాదు, వాలు చూసుకోకుండా కాలు దించింది నేను. అయినా సీటు ఎత్తు గురించి చెప్పాల్సిందే. పాతదాని సీటు 800 మిల్లీమీటర్లు. కొత్తది 825, కావాలంటే 845కి పెంచుకోవచ్చు. 25 మిల్లీమీటర్లంటే బొటనవేలి వెడల్పు కన్నా కాస్త ఎక్కువ. సమంగా ఉన్న రోడ్డు మీద ఆ తేడా తెలియదు, కొండ మలుపులో ఆ వేలెడే కావాల్సి వస్తుంది. నా ఎత్తు ఉన్నవాళ్లు షోరూంలో చదును నేల మీద కూర్చుని 'బాగానే అందుతోంది' అనుకోకండి. ఒక కాలు పక్కన నాలుగంగుళాలు పల్లం ఉందనుకుని చూసుకోండి. తక్కువ ఎత్తు సీటు కూడా విడిగా దొరుకుతుంది, 805 నుంచి మొదలవుతుంది.

కోట మీద చెరువుల దగ్గర గంటసేపు కూర్చుని దిగాం. ఎక్స్‌పల్స్ అన్నయ్యగారు అక్కడినుంచే గుంటూరు వెళ్లిపోయారు. చిలకలూరిపేట రోడ్డు పట్టి, పెదనందిపాడు మీదుగా బాపట్ల, అక్కడినుంచి సూర్యలంక. రోడ్డు బాగుంది.

ఇక ఆ రిసార్టు. ఫోన్లో ఏసీ రూము 2,200 అన్నారు. రెండు రూములకి 1,000 అడ్వాన్సు కూడా పంపాను. రాత్రి ఏడున్నరకి చేరితే 'వీకెండ్ రేటు' అని 2,800 చేశారు. అలిసిపోయి ఉన్నాం, వాదించే ఓపిక లేక ఒప్పుకున్నాం. అసలు బాధ తర్వాతే. గేటు దగ్గర మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. "బైకులు బయటే మేడమ్. లోపల కార్లకే." లోపల పది కార్లు పట్టే చోట మూడే ఉన్నాయి. మేనేజరుని పిలిస్తే ఆయనా అదే మాట. కారులో వచ్చినవాడూ మేమూ ఇచ్చేది అదే 2,800. అలాంటప్పుడు మా బండికి గేటు లోపల చోటెందుకు లేదో ఎవరూ చెప్పలేదు.

బయటంతా ఇసుక. సైడ్ స్టాండ్ వేస్తే చూస్తుండగానే దిగబడిపోయి బండి పక్కకి వంగుతోంది. మరిది మొహం వాడిపోయింది. అన్నం ముందు కూర్చున్నాడే గానీ రెండు ముద్దలు కూడా తినలేదు. చేప వేపుడు ప్లేటు 350, చల్లగా తెచ్చి పెట్టారు. వేడినీళ్లు బకెట్ 50. రూములో కొళాయి నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పన.

గేటు ఎదురుగా టీ బడ్డీ నడిపే ఒకావిడ మమ్మల్ని ఆదుకుంది. మేం ఇసుకలో స్టాండ్ కింద రాళ్లు వెతుక్కోవడం చూసి, "ఏంటమ్మాయ్, బండి నిలబడట్లేదా? ఇటు తెండి" అని టార్పాలిన్ కిందకి పెట్టించింది. స్టాండ్‌ల కిందకి రెండు చెక్క ముక్కలు తనే తెచ్చి వేసింది. రాత్రంతా ఆవిడ కొడుకు అక్కడే పడుకుంటాడట. డబ్బులిస్తే తీసుకోలేదు. పొద్దున ముగ్గురం రెండేసి టీలు తాగాం, టీ పది రూపాయలు. ఇంత మంచి టీ ఆ రిసార్టులో 40 పెట్టినా దొరకలేదు.

బైకుల మీద సూర్యలంక వెళ్లేవాళ్లకి నా మాట ఒకటే. పొద్దున్నే సముద్రం చూడాలంటే బాపట్లలో రూము తీసుకోండి, బీచ్ పావుగంట దూరమే. తప్పనిసరిగా బీచ్ దగ్గరే ఉండాలంటే, డబ్బులు పంపే ముందు 'బైకు లోపల పెట్టనిస్తారా' అని అడిగి, జవాబు మెసేజ్‌లో రాయించుకోండి.

వెనక్కి పొన్నూరు, గుంటూరు మీదుగా మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. రెండు బళ్లకీ పెట్రోలు మొత్తం 1,680. బాపట్ల నుంచి పొన్నూరు దాకా మా ఆయన 450 నడిపారు. దిగాక దిక్సూచి ఊసే ఎత్తలేదు, "ఆరో గేరు బాగుంది" అని మాత్రం అన్నారు.

బుధవారం సాయంత్రం మరిది ఫోన్ చేశాడు. "వదినా, తక్కువ ఎత్తు సీటు ఆర్డర్ పెట్టాను. వచ్చే నెల కోటప్పకొండకి నువ్వే నడుపుతున్నావు."