సఖి కేంద్రంలో ఒక పగలు

డిగ్రీ కళాశాలలో సామాజిక శాస్త్రం చెప్పే నేను, మూడేళ్లుగా మా పట్టణంలోని ఒక బస్తీలో ఇళ్లలో పనిచేసే స్త్రీలతో కలిసి ఇంటి హింస, కూలి, ఆస్తి గురించిన వివరాలు సేకరిస్తున్నాను. ప్రశ్నలు రాసేటప్పుడే వాళ్లు మాతో కూర్చుంటారు; తేలిన విషయాలను మొదట వాళ్లకే చదివి వినిపిస్తాం. అలా వినిపించిన ఒక సాయంత్రం, "రాసుకున్నరు సరే మేడం, ఇప్పుడు నేను యాడికి పోవాలె?" అని ఒకామె అడిగింది. అంతకుముందు ఆమె ఒక పోలీస్ స్టేషన్‌కు వెళితే, పొద్దుటి నుంచి దీపాలు పెట్టేవేళ దాకా కూర్చోబెట్టి, సర్దుకుపొమ్మని పంపించారు. ఈసారి ఆమెతో పాటు జిల్లా కేంద్రంలోని సఖి కేంద్రానికి నేనూ వెళ్లాను.

సఖి కేంద్రాలు హింసకు గురైన స్త్రీల కోసం ప్రభుత్వం నడిపేవి. 2015 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమల్లో ఉన్న ఈ పథకంలో వైద్యం, పోలీసు సాయం, న్యాయ సహాయం, కౌన్సెలింగ్, తాత్కాలిక వసతి ఒకేచోట ఉచితంగా అందాలి. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసినా దారి చూపుతారు.

నాకు బాగా నచ్చింది అక్కడి కౌన్సెలర్ అడిగిన తీరు. భర్త ఎందుకు కొట్టాడని ఆ కౌన్సెలర్ ఒక్కసారి కూడా అడగలేదు. ఎప్పుడు, దేనితో, అప్పుడు పిల్లలు ఎక్కడున్నారు అని నెమ్మదిగా అడుగుతూ వచ్చి, "నీ జీతం ఎవరి చేతికి వస్తుందమ్మా?" అన్నది. ఏటీఎం కార్డు భర్త చొక్కా జేబులోనే ఉంటుందని మా మనిషి చెప్పింది. సంపాదన లాక్కోవడాన్ని 2005 నాటి గృహహింస చట్టం ఆర్థిక హింసగా లెక్కిస్తుందని వివరించగానే, కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్న ఆమె తలెత్తి, "అది గూడ కొట్టినట్టేనా?" అని అడిగింది. మూడేళ్లుగా కూలి ఎంతని అడిగిన మా ప్రశ్నావళిలో, అది ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్నే లేదని నాకు అప్పుడే తట్టింది. తర్వాత సంఘటన నివేదిక రాసి, మొత్తం చదివి వినిపించి, ఆమె చెప్పిన రెండు దిద్దుబాట్లు చేశాకే సంతకం పెట్టించుకున్నారు.

అయితే ఈ సేవ అక్కడిదాకా రాగలిగిన వాళ్లకే అందుతోంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 18 నుంచి 49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం భర్త చేతిలో హింస అనుభవించినవారే. దేశం మొత్తం మీద చూస్తే శారీరక, లైంగిక హింసకు గురైన వారిలో సాయం కోరినవారు 14 శాతమే. ఈ మౌనానికి భయం, పరువు కారణాలని అందరం చెబుతాం కానీ, ఆ పగలు ఆమెకు రెండిళ్లలో పనికి నాగా పడి, ఆటోకు, బస్సుకు చేతి డబ్బు ఖర్చయింది. గృహహింస చట్టం కింద దరఖాస్తు పెట్టుకుంటే మేజిస్ట్రేటు మొదటి విచారణను సాధారణంగా మూడు రోజుల్లో పెట్టాలని, దరఖాస్తును 60 రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. ఆ గడువులు పాటించినా, వాయిదా పడిన ప్రతిసారీ ఆమెకు ఒక నాగా తప్పదు. కౌన్సెలర్ వారానికి ఒక సాయంత్రం బస్తీకే వచ్చి కూర్చుంటే ఈ భారం చాలావరకు తగ్గుతుందని నా నమ్మకం.

వసతి గదిలో మంచాలు, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. కానీ అక్కడ ఉండనిచ్చేది ఐదు రోజులు. బడికి వెళ్లే ఇద్దరు పిల్లలున్న మనిషి ఆ ఐదు రోజుల్లో అడ్వాన్సు సమకూర్చుకుని అద్దె గది వెతుక్కోవడం అయ్యే పని కాదు. ఎక్కువ కాలం ఉండాలంటే శక్తి సదన్ అనే ప్రభుత్వ పథకపు వసతి గృహానికి మారాలి, అంటే పనిచేసే ఇళ్లకూ పిల్లల బడికీ దూరం కావాలి. ఆమె అక్క ఇంటికి వెళ్లింది.

ఇప్పుడు మా ప్రశ్నావళిలో కార్డు ఎవరి దగ్గర ఉంటుందన్న ప్రశ్న చేరింది. అది ఎలా అడగాలో మాటలు చెప్పింది ఆమే. సఖి కేంద్రానికి వెళ్లే వాళ్ల దారి ఖర్చుకని బస్తీ స్త్రీలు ఆదివారం సమావేశంలో తలా పది రూపాయలు వేసుకుంటున్నారు.